పురుగు నేర్పిన పాఠము

అమెరికా దక్షిణ భాగమున, అలబామా రాష్ట్రములో ఎంటర్‌ప్రైజ్ అను చిన్న వ్యవసాయ పట్టణము కలదు. దాని నడివీథిలో ఒక స్త్రీ విగ్రహము చేతులెత్తి నిలిచియున్నది. ఆమె తలపైకెత్తి పట్టినది ప్రత్తిని పాడుచేయు ముక్కుపురుగు బొమ్మను!

పూర్వము అచ్చటి రైతులు ప్రత్తి నొక్కదానినే నమ్ముకొని జీవించెడివారు. పంట పండినచో అప్పు తీరును, ఎండినచో పెరుగును. మెక్సికో నుండి 1892 ప్రాంతమున టెక్సాసులో ప్రవేశించిన ఈ పురుగు 1915 నాటికి ఇచ్చటి పొలములపై బడెను. అది మొగ్గలలో, కాయలలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు లోపలినుండియే తినివేయును.

అప్పుడు సెషన్స్ అను వ్యాపారి వేరుసెనగ వేయుడని బోధించెను. 1916లో అప్పులపాలైన బాస్టన్ అను రైతునకు అండగా నిలిచి ఆ పంట వేయించెను. ఆ పంటతో బాస్టన్ ఋణము తీరెను. ఇరుగుపొరుగువారు అతని గింజలనే విత్తనమునకు కొనిరి. ఆ మార్పునకు గుర్తుగా పట్టణవాసులు 1919 డిసెంబరు 11న విగ్రహమును ప్రతిష్ఠించిరి. పురుగు బొమ్మను 1949లో చేర్చిరి.

అయినను ఆ కలిమి అందరికిని సమముగా దక్కలేదు. 1965 చట్టము వచ్చువరకు అలబామాలోని నల్లజాతివారిలో అధిక సంఖ్యాకులకు వోటు వేయు అవకాశమే లేకుండెను.

పంచాయతీ సభ్యులారా! ఊరంతయు ఒకే పంటపై ఆధారపడుట అపాయకరము. క్రొత్త పంటను తొలుత వేయు రైతు నష్టభయమును ఒంటరిగా మోయరాదు. ఫలము చిన్న కౌలుదారునకును అందవలెను. మీ గ్రామమున అట్టి రైతునకు అండ యెవరో నేడే యోచింపుడు.