కొండెక్కే పిల్లలకు తోడుగా వెళ్తున్నారా?

ప్రశ్న: మాది బొబ్బిలి. దసరా సెలవుల్లో పన్నెండు మంది తొమ్మిది, పదో తరగతి పిల్లలను నేపాల్ ట్రెక్కింగ్‌కు తీసుకెళ్లే బాధ్యత నాకు అప్పగించారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, ముందు సాధన. 2014 మే 25న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అంతకుముందు భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో కఠిన శిక్షణ పొందారు. మీ పిల్లలను మొదట రామతీర్థం కొండలపై, ఆపైన మందసకు అవతల ఉన్న 1,501 మీటర్ల మహేంద్రగిరిపై నడిపించండి. వీపున సంచి, కాళ్లకు ట్రెక్కింగ్‌లో వేసుకోబోయే బూట్లే ఉండాలి.

గుర్తింపు పత్రాల విషయంలో, 15 నుంచి 18 ఏళ్ల వారికి నిర్ణీత నమూనాలో ప్రధానోపాధ్యాయులిచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. 15 ఏళ్లలోపు వారికి ఆధార్ చాలు. తల్లిదండ్రుల అంగీకార పత్రం మాత్రం అందరి దగ్గరా తీసుకోండి.

అసలు గండం ఎత్తుతోనే. మనవి సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లు. 3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి ఇవ్వాలి. వెనక్కి పంపేస్తారన్న భయంతో పిల్లలు తలనొప్పిని దాచేస్తారు. అందుకే రోజూ సాయంత్రం ఒక్కొక్కరినీ విడిగా అడగండి. నేల మీద గీత గీసి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించుకుంటూ నడవమనండి. ఎవరైనా తూలితే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే కిందికి దించండి.

శిఖరం ఎక్కడికీ పోదు. పన్నెండు మందీ క్షేమంగా ఇల్లు చేరడమే మీ విజయం.