కంప్యూటర్‌కి నిజం చెప్పండి

ఇంజిన్ ఉండదు. మూడు టర్న్‌పాయింట్లు చుట్టాలి. బయల్దేరిన ఎయిర్‌ఫీల్డ్‌కే తిరిగొచ్చి దిగాలి. గ్లైడర్ క్రాస్‌కంట్రీ టాస్క్ అంటే సాధారణంగా ఇంతే.

జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో గ్లైడింగ్ క్లబ్‌కి వెళ్తున్నారా? మీరిది చేయగలరు. ఈ సీజన్‌లోనే చేయగలరు. ముందు ప్యానెల్‌లోని ఫ్లైట్ కంప్యూటర్‌తో మీ సంబంధం సరిచేసుకోండి.

అది పైలట్ కాదు, లెక్కల గుమాస్తా. మీరిచ్చిన అంకెలతో కూడికలు, తీసివేతలు చేస్తుంది. తప్పుడు అంకె ఇస్తే తప్పుడు ధైర్యం ఇస్తుంది.

ఒక లెక్క వేద్దాం. మీ గ్లైడర్ గ్లైడ్ రేషియో 40 అనుకోండి. గాలి కదలకపోతే 1000 మీటర్ల ఎత్తు మిమ్మల్ని 40 కిలోమీటర్లు తీసుకెళ్తుంది. మీరు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుండగా 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలింది. ఆ 40 కాస్తా 32 అయింది. ఎయిర్‌ఫీల్డ్ చేరేసరికి 300 మీటర్లు చేతిలో ఉండాలని సేఫ్టీ హైట్ పెట్టుకున్నారు. 1000 మీటర్ల ఎత్తులో ఇక మిగిలింది 22 కిలోమీటర్లు. రెక్కల అంచున పురుగులు అతుక్కుంటే అదీ తగ్గుతుంది. కంప్యూటర్‌లో 'బగ్స్' అనే సెట్టింగ్ ఉన్నది అందుకే.

ఇప్పుడు అసలు పరీక్ష. దాని పేరు మెక్‌క్రెడీ.

పాల్ మెక్‌క్రెడీ అమెరికన్. 1956లో ఫ్రాన్స్‌లో జరిగిన పోటీల్లో ప్రపంచ గ్లైడింగ్ చాంపియన్ అయ్యాడు. ఆయన సిద్ధాంతం మిమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతుంది: ముందు దొరకబోయే థర్మల్, అంటే పైకి లేచే వెచ్చని గాలి, మిమ్మల్ని సెకనుకి ఎన్ని మీటర్లు పైకి లేపుతుంది? బలంగా లేపుతుందనుకుంటే వేగంగా వెళ్లండి. బలహీనం అనుకుంటే నెమ్మదించండి. ఆ అంచనాని మెక్‌క్రెడీ సెట్టింగ్‌గా మీరివ్వాలి. ఎంత వేగంతో ఎగరాలో కంప్యూటర్ చెబుతుంది.

సాయంత్రం అవుతుంది. చివరి టర్న్‌పాయింట్ దాటారు. స్క్రీన్ మీద ఫైనల్ గ్లైడ్ అంకె మైనస్ 150. అంటే 150 మీటర్ల ఎత్తు తక్కువ. వేలు మెక్‌క్రెడీ మీదికి వెళ్తుంది. కాస్త తగ్గిస్తారు. ప్లస్ 20! ఏం మారింది? ఎత్తు మారలేదు. దూరం మారలేదు. గాలి మారలేదు. మీ మనసుకి నచ్చిన జవాబు వచ్చింది, అంతే.

థర్మల్స్ నిజంగానే నీరసించి, మీరు నిజంగానే వేగం తగ్గించి ఎగరబోతుంటే తగ్గించండి. అది నిజాయితీ. అంకె తగ్గించి పాత వేగంతోనే దూసుకెళ్తే మిమ్మల్ని మీరే మోసం చేసుకుంటున్నారు. సేఫ్టీ హైట్ జోలికి మాత్రం గాల్లో వెళ్లొద్దు. నేల మీద ప్రశాంతంగా తీసుకున్న నిర్ణయం అది. కంగారులో ఉన్న మీకంటే ఉదయం టీ తాగుతూ ఆలోచించిన మీరే తెలివైనవారు. ఆ ఉదయం నాటి మీ మాటే వినండి.

మూడు అలవాట్లు ఈ వారమే మొదలుపెట్టండి.

1. టాస్క్ ముందు రాత్రే ఎక్కించండి. టర్న్‌పాయింట్ల వరుస, స్టార్ట్ లైన్, ప్రతి పాయింట్ చుట్టూ ఉన్న వలయం సైజు సరిచూడండి. టేకాఫ్ క్యూలో మెనూలు వెతకడం ఇక బంద్.

2. ఒక చూపు, ఒక అంకె. వెంటనే కళ్లు బయటికి. మీరు తిరుగుతున్న థర్మల్‌లోనే ఇంకో నాలుగు గ్లైడర్లు తిరుగుతుండొచ్చు.

3. టర్న్‌పాయింట్ చేరకముందే గాలి ఎటునుంచో చూడండి.

ఈ మూడోది కొంచెం వివరంగా చెప్పాలి. టర్న్‌పాయింట్ ఎదురుగాలి వైపు ఉంటే తక్కువ ఎత్తులోనే చుట్టేసి, ఆ తర్వాత థర్మల్ పట్టండి. పైకి లేస్తున్నంతసేపూ గాలి మిమ్మల్ని వెళ్లాల్సిన వైపే నెడుతుంది. గాలివాలులో ఉంటే ముందే పైకెక్కి, తర్వాత చుట్టండి. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో పది నిమిషాలు థర్మల్‌లో తిరిగితే మూడు కిలోమీటర్లకు పైగా కొట్టుకుపోతారు. ఆ మూడు కిలోమీటర్లు మీకు లాభమా, నష్టమా? అది మీరు వేసుకున్న వరుసను బట్టే ఉంటుంది. చాలా టాస్కుల్లో టర్న్‌పాయింట్ వలయం వ్యాసార్ధం 500 మీటర్లే. లోపలికి వెళ్లినట్టు కంప్యూటర్ చెప్పగానే తిరగండి. తర్వాతి మేఘం ఏదో అప్పటికే ఎంచుకుని ఉండాలి.

ప్రాక్టీస్‌కి గ్లైడర్ అక్కర్లేదు. ఎక్స్‌సీసోర్ అనే ఫ్లైట్ కంప్యూటర్ యాప్ ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకుని సిమ్యులేటర్ మోడ్‌లో తెరవండి. మీ గ్లైడర్ పోలార్, అంటే ఏ వేగంలో ఎంత కిందికి దిగుతుందో చెప్పే వక్రరేఖ, ఎంచుకోండి. రోజుకి పదిహేను నిమిషాలు చాలు. ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకి తెలిసిపోవాలి.

ఫ్లైట్ అయ్యాక ఇంటికెళ్లి, మీరు ఎగిరిన దారి రికార్డయిన ఐజీసీ ఫైల్ తెరవండి. పొలంలో దిగాల్సి వచ్చిన రోజైతే తప్పకుండా తెరవండి. ప్రతి థర్మల్‌లోనూ మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా సెకనుకి సగటున ఎన్ని మీటర్లు లేచారో చూడండి. వేరియోమీటర్ ఒక్క క్షణం 3 చూపించిందని మెక్‌క్రెడీ 3 పెట్టారు. సగటు చూస్తే 1.6. రెండూ నోట్‌బుక్‌లో పక్కపక్కనే రాసుకోండి. వచ్చే వారం ఆకాశం ఇలాగే ఉంటే 1.6తో మొదలుపెట్టండి.