ఒక ఏడాది కాపురం

పాండవుల అరణ్యవాసం పన్నెండేళ్ళు సాగింది. అయినా పాఠకునికి ఉత్కంఠ కలిగించేది పదమూడవ ఏడు. తిక్కన సోమయాజి భారత రచనను ఆ ఏటి కథతోనే, అంటే విరాటపర్వంతోనే ఆరంభించాడు. ఆ పర్వం తొలి ఘట్టాలలో ఒకటి తరచుగా విద్యార్థుల దృష్టిని తప్పించుకొంటుంది. విరాటుని కొలువులో అడుగు పెట్టకముందే ధర్మరాజు తమ్ములతోను, ద్రౌపదితోను కూర్చుని, ఎవరు ఏ పని చేస్తూ ఆ ఏడాది గడపాలో విచారిస్తాడు. భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యాచార్యుడు, ద్రౌపది సైరంధ్రి. ఎవరి పాత్ర ఏమిటో, అందులోని కష్టమేమిటో అందరికీ ముందే తెలుసు.

పైచదువు నిమిత్తం ఒక ఏడాది పరదేశానికి వెళ్ళే నేటి యువదంపతులు ఇటువంటి ఆలోచన చేయడం అరుదు. పెట్టెల తూకం గురించి, ఊరగాయ జాడీల మూతల గురించి గంటలకొద్దీ మాట్లాడుకొంటారు. ఎవరు ఏమి కాబోతున్నారన్న ప్రశ్న మాత్రం విమానం దిగిన తరువాతనే ఎదురవుతుంది. ఈ పాఠంలోని దంపతులు కల్పితులు. వారికి పేర్లు లేవు. వారి చుట్టూ ఉన్న దేశం, నియమాలు, తేదీలు వాస్తవాలు.

ఆమెది తెనాలి. బి.ఫార్మసీ చదివింది. అతనిది ఖమ్మం. సివిల్ ఇంజనీరుగా నాలుగేళ్ళు భవన నిర్మాణాలు పర్యవేక్షించాడు. పెళ్ళయిన ఏడు నెలలకు, 2022 సెప్టెంబరులో, ఇంగ్లండులోని లెస్టర్ నగరానికి చేరుకొన్నారు. ఆమె ప్రజారోగ్య శాస్త్రంలో ఎం.ఎస్సీ. విద్యార్థిని. ఆ దేశంలో ఇటువంటి ఎం.ఎస్సీ. చదువు సాధారణంగా ఒక్క ఏడాదిలోనే పూర్తవుతుంది. మొత్తం 180 క్రెడిట్లలో 60 వేసవిలో రాసే పరిశోధన వ్యాసానివి. మన దేశంలో రెండేళ్ళకు పంచే భారాన్ని పన్నెండు నెలలలో మోయవలసి ఉంటుంది. పైగా వీసాకు ముందే జీవనవ్యయం చేతిలో ఉన్నట్లు నిరూపించాలి. ఆనాటి లెక్క ప్రకారం లండను వెలుపల విద్యార్థికి నెలకు 1,023 పౌండ్లు, వెంట వచ్చే జీవిత భాగస్వామికి 680 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల సొమ్ము వరుసగా 28 రోజులు బ్యాంకులో కదలకుండా నిలిచి ఉండాలి. ఇద్దరికీ కలిపి అది 15,327 పౌండ్లు. తెనాలిలోని తండ్రి ఇంటిపై ఆమె పేర తీసుకొన్న అప్పులో అధికభాగం ఇందుకూ, కళాశాల రుసుముకూ సరిపోయింది.

ఆమె వీసా విద్యార్థి వీసా. అతనిది 'డిపెండెంట్' వీసా, అనగా ఆశ్రితుడు. మన కావ్యాలలో రాజును ఆశ్రిత కల్పవృక్షమని పొగడడం పరిపాటి. అయితే ఈ వీసాలలో ఒక విచిత్రం ఉంది. విద్యార్థి పాఠాలు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి ఉద్యోగం చేయరాదు. ఆశ్రితునికి ఆ పరిమితి లేదు, పూర్తికాలం పనిచేయవచ్చు. కనుక కల్పవృక్షానికి బియ్యం కొనిపెట్టవలసినది ఆశ్రితుడే. కాగితం మీది మాట ఒకటి, వంటింటి లెక్క మరొకటి. ఈ రెంటి నడుమనే వారి ఏడాది గడిచింది.

వారు దిగిన మరునాడు సెప్టెంబరు 19. ఎలిజబెత్ రాణి అంత్యక్రియల సందర్భంగా ఆ రోజు దేశమంతటా సెలవు. పెద్ద దుకాణాలు, తపాలా కార్యాలయం మూసి ఉన్నాయి. పరదేశంలో వారి మొదటి భోజనం పెట్టెలోంచి తీసిన కందిపొడి, నెయ్యి, అమ్మ కట్టి ఇచ్చిన రెండు కిలోల బియ్యంలోని గుప్పెడు గింజలు. కొద్ది రోజులకే బెల్‌గ్రేవ్ రోడ్డు తెలిసింది. 1972లో ఉగాండా నుండి వెళ్ళగొట్టబడిన భారతీయులలో చాలామంది లెస్టర్‌లో స్థిరపడ్డారు. వారిలో అధికులు గుజరాతీలు. వారి దుకాణాల పుణ్యమా అని కరివేపాకుకు, మునగకాడలకు కరవు లేదు. అక్టోబరు 24న, దీపావళి నాడు, ఆ వీధి దీపాల కింద ఇద్దరూ నడిచారు. భారతీయ సంతతికి చెందిన రిషి సునాక్ ఆ దేశపు అధికార పక్షానికి నాయకుడుగా ఎన్నికైన రోజు కూడా అదే. అతనికి మాత్రం ఆ రోజున వచ్చిన వేరొక ఉత్తరం ముఖ్యం. అది గోదాములో పనికి రమ్మన్న పిలుపు.

లెస్టర్‌కు దక్షిణాన, లటర్‌వర్త్ పట్టణం పక్కన మాగ్నా పార్క్ అనే గోదాముల సముదాయం ఉంది. దేశం నలుమూలలకూ సరుకులు అక్కడినుండి వెళ్తాయి. చేతిలోని స్కానరు చూపిన అర సంఖ్య వెదకడం, పెట్టె తీయడం, బండిలో పెట్టడం, మరో సంఖ్యకు పరుగెత్తడం అతని పని. గంటకు ఎన్ని పెట్టెలు తీశాడో స్కానరే లెక్కగడుతుంది. అప్పటి కనీస వేతనం గంటకు 9.50 పౌండ్లు. నిన్నటిదాకా భవనాల పటాలు చదివిన కళ్ళు ఇప్పుడు అరల సంఖ్యలు చదువుతున్నాయి. ఖమ్మం నుండి తండ్రి ఫోను చేసి ఉద్యోగం ఏమిటని అడిగితే "లాజిస్టిక్స్ కంపెనీ నాన్నా" అనేవాడు. అందులో అబద్ధం లేదు, నిజమూ పూర్తిగా లేదు. పాండవులు తమ విద్యను దాచుకొన్నారు. ఇతడు దాచలేదు, అడిగినవారే లేరు.

ఆమె కష్టం వేరు. మొదటి వ్యాసానికి వచ్చిన 61 మార్కులు చూసి ఏడ్చింది. డిగ్రీలో ఎన్నడూ ఎనభైకి తగ్గలేదు మరి. అక్కడ 50 ఉత్తీర్ణత, 60 మంచి శ్రేణి, 70 దాటితే అత్యుత్తమ శ్రేణి అని తెలియడానికి వారం పట్టింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు అప్పగించడం ఇక్కడ ప్రతిభ కాదు, చౌర్యం. ఎవరి భావమో చెప్పాలి, దానితో ఏకీభవిస్తావా లేదా అన్నదీ చెప్పాలి. ఇంతకాలం ఎవరూ అడగని ప్రశ్న అది.

డిసెంబరు వచ్చేసరికి మధ్యాహ్నం నాలుగు గంటలలోపే సూర్యుడు అస్తమిస్తున్నాడు. ఆ నెల రెండవ వారంలో దేశమంతటా తీవ్రమైన మంచు, చలి. ఆ ఏడాది ఐరోపాలో ఇంధన ధరలు మండిపోతున్నాయి. ప్రభుత్వం ప్రతి ఇంటికి మొత్తం 400 పౌండ్ల రాయితీని ఆరు నెలలకు పంచి ఇచ్చింది. వారి అద్దె ఇంటిది ముందుగా సొమ్ము చెల్లించే పాత మీటరు. ఒక ప్లాస్టిక్ కీని దుకాణానికి తీసుకొనిపోయి సొమ్ము నింపుకొని వచ్చి మీటరులో గుచ్చితేనే కరెంటు. రాయితీ కూడా కాగితపు వోచరుగా వస్తుంది. దానిని అదే దుకాణంలో కీలోకి మార్చుకోవాలి. ఒక మధ్యాహ్నం అతడు కీని, వోచరును కోటు జేబులో వేసుకొని పనికి బయలుదేరాడు. దారిలో నింపి, ఆమెకు ఇచ్చి వెళ్ళాలని సంకల్పం. దుకాణంలో వరుస పొడవుగా ఉంది. ఇంతలో గోదాము వ్యాను వచ్చింది. వ్యాను తప్పితే ఆ రోజు కూలి పోతుంది. ఎక్కేశాడు.

పావు తక్కువ మూడుకు ఇంట్లో కరెంటు పోయింది. అత్యవసరానికి మీటరు అప్పుగా ఇచ్చే కొద్ది కరెంటూ ముందురోజే అయిపోయింది. నాలుగు గంటలకు వ్యాసం సమర్పించాలి. ఆమె ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడై చాలాకాలమయింది. తీగ పెడితేనే అది వెలుగుతుంది. గోదాములో పనివారి ఫోన్లు లాకర్లలో ఉంటాయి కనుక అతనికి కబురు చేరే దారి లేదు. మంచులో జారుతూ గ్రంథాలయానికి పరుగెత్తింది. ముందురోజు తనకు తానే పంపుకొన్న ప్రతి ఒక్కటే మెయిలులో ఉంది. దానినే సరిచేసి పంపేసరికి నాలుగు గంటల నలభై నిమిషాలు. ఆలస్యానికి పది మార్కులు కోత.

రాత్రి పదకొండు గంటలకు అతడు వచ్చాడు. మీటరులో కీ గుచ్చాడు. దీపం వెలిగింది. ఆమె మంచం మీద దుప్పటి కప్పుకొని కూర్చుని ఉంది.

"కీ మీ జేబులో ఉందని ఒక్కసారైనా గుర్తు రాలేదా?" అని అడిగింది.

"గుర్తొచ్చింది. అప్పటికి వ్యాను ఊరు దాటింది. దిగితే ఈ రోజు కూలి పోతుంది."

"ఈ వ్యాసం తప్పితే నా చదువే పోతుంది."

అతడు చాలాసేపు బూట్లు విప్పుతూ ఉండిపోయాడు. "ఇక్కడ నా పేరు మీద ఏముంది చెప్పు? వీసా నీది. ఇల్లు నీ పేర. బ్యాంకు ఖాతా నీ పేర. నా వంతుకు ఈ కీ ఒక్కటే ఉంది. అదీ తెచ్చి ఇచ్చాను."

"అప్పు కూడా నా పేరే," అన్నది ఆమె.

ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడుకోలేదు. మరుసటి ఆదివారం మాత్రం, జీతపు కాగితం వెనుకవైపున, ధర్మరాజు ప్రయాణానికి ముందు చేసిన పనిని వారు మూడు నెలలు ఆలస్యంగా చేశారు. ఎనిమిది గంటలలో ఎన్ని మైళ్ళు నడుస్తాడో అతడు మొదటిసారి చెప్పాడు. ఒక్క వ్యాసం తప్పితే మళ్ళీ రుసుము కట్టవలసి రావచ్చునని, వీసా గడువు మాత్రం ఆగదని ఆమె చెప్పింది. ఇటువంటివి దాచడం ప్రేమ అని మనవారు అనుకొంటారు. అది నిజానికి ఒకరి లెక్క మరొకరికి తెలియకుండా కాపురం చేయడమే. జీతం ఇద్దరి పేర ఉన్న ఖాతాలో పడేటట్లు, వంట అతనికి వీలైన పూట అతనిదయ్యేటట్లు రాసుకొన్నారు. తలుపు పక్కన ఒక మేకు కొట్టి కీని దానికి తగిలించారు. జనవరిలో ఫలితం వచ్చింది. వ్యాసానికి 62, కోత పోగా 52.

వేసవిలో ఆమె పరిశోధన వ్యాసానికి అంశం కావలసి వచ్చింది. కొద్దిపాటి అదనపు కూలికి అతడు అప్పటికి రాత్రి పనికి మారాడు. తెల్లవారుజామున మూడు గంటలకు డబ్బాలోని పెరుగన్నం తినేవాడు. పక్కన కూర్చునే పంజాబీ, శ్రీలంక తమిళ కార్మికులు చాక్లెట్లతో, శీతల పానీయాలతో సరిపెట్టుకొనేవారు. దక్షిణాసియా వాసులకు మధుమేహం ముప్పు ఎక్కువని, రాత్రి విధులు దానిని పెంచుతాయని వైద్యశాస్త్రం చెబుతున్నదే. ఈ రెండూ కలిసిన మనుషులు ఏ వేళకు ఏమి తింటున్నారన్న ప్రశ్న ఆమెకు పుస్తకంలో దొరకలేదు. ఖాళీ టిఫిను డబ్బా కడుగుతున్నప్పుడు దొరికింది. అప్పటివరకు వెలువడిన పరిశోధనలను సమీక్షించి పదిహేను వేల పదాల వ్యాసం రాసింది. విశ్రాంతి గదిలో ఏమేమి అమ్ముతారు, విరామం ఎన్ని నిమిషాలు వంటి సంగతులకు ఆమె ప్రతిసారీ ఆశ్రయించినది అతనినే. వేసవి అంటే ఎం.ఎస్సీ. వారికి సెలవు కాదు. వ్యాసం ముగిసేదాకా 20 గంటల పరిమితి వదలదు. కాబట్టి ఆ మూడు నెలలు కూడా ఇల్లు అతని రాత్రుల మీదనే నడిచింది.

ఆ వసంతంలోనే రెండు వార్తలు వచ్చాయి. ఏప్రిల్ 20 నుండి అనేక విశ్వవిద్యాలయాలలో అధ్యాపకులు వేతనాల విషయమై మూల్యాంకనాన్ని బహిష్కరించారు. ఆ బహిష్కరణ సెప్టెంబరు 6 దాకా సాగింది. ఆమె వసంతకాలపు మార్కులూ ఆగిపోయాయి. చదువు పూర్తయినట్లు విశ్వవిద్యాలయం నిర్ధారిస్తేనే తరువాతి రెండేళ్ళ గ్రాడ్యుయేట్ వీసాకు దరఖాస్తు చేయగలరు. రెండవ వార్త మే 23న వెలువడింది. 2024 జనవరి 1 తరువాత మొదలయ్యే ఎం.ఎస్సీ. వంటి చదువులకు వచ్చేవారు, పరిశోధక విద్యార్థులు, ప్రభుత్వ ఉపకారవేతనం పొందేవారు తప్ప, భార్యనుగాని భర్తనుగాని ఆశ్రితులుగా వెంట తెచ్చుకొనే వీలు లేదు. వలసల సంఖ్యను తగ్గించడానికని ప్రభుత్వం చెప్పింది. అప్పటికే వచ్చి ఉన్నవారికి అది వర్తించలేదు.

అక్టోబరులో ఆమె మార్కులు వచ్చాయి. కొత్త వీసా దరఖాస్తులో అతని పేరు మళ్ళీ ఆశ్రితుని గడిలోనే నింపవలసి వచ్చింది. రాత్రి పని ముగించుకొని అతడు నిద్రపోతున్నాడు. అతని పాస్‌పోర్టు సంఖ్య ఆమెకు ఇప్పుడు చూడకుండానే వచ్చు.

ఆ వారమే తెనాలి నుండి పినతండ్రి కూతురు ఫోను చేసింది. ఆమెకు కొత్తగా పెళ్ళయింది. జనవరిలో మొదలయ్యే ఎం.ఎస్సీ.లో సీటు వచ్చింది.

"అక్కా, బావను తీసుకొచ్చినట్లు నేనూ మా ఆయనను తీసుకొని రావచ్చా?"

కుదరదని చెప్పి, నియమం వివరించి, ఆమె మాట మార్చింది. చలికోటు అక్కడ కొనవద్దని, కందిపొడి ఎక్కువ తెచ్చుకోమని, పాత మీటరు ఉన్న ఇల్లయితే కీని తలుపు పక్కన మేకుకే తగిలించి ఉంచమని చెప్పింది. "లేకపోతే ఎవరో ఒకరు జేబులో వేసుకొని పోతారు."

"నేనొక్కదాన్నే కదక్కా ఉండేది," అన్నది చెల్లెలు. "ఎవరు పట్టుకొనిపోతారు?"