దంతధావనము – శ్రావకుని వివేకము

శ్రావకుని దినచర్యలో దంతధావనము చిన్న పని. రెండు నిమిషములలో ముగియును. అయినను ఉదయమున నోటిలోనికి మొదట పోవు వస్తువు పళ్ళపొడియో పేస్టో గనుక, అది దేనితో చేయబడినదో విచారింపకుండుట తగదు. కందమూలములు మొదలు తేనెవరకు భోజనపదార్థములను శోధించు కుటుంబములే పేస్టు, బ్రష్షుల విషయమున దొరకినదే చాలునని ఊరకుండుట కలదు. వ్యాపారస్థుల ఇండ్లలో ఈ విచారము రెండింతలు అవసరము. ఏలయన వారు ఈ వస్తువులను వాడువారే గాక అమ్మువారును.

1. పందుంపుల్ల

కొరాపుట్ సీమ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. రాయగడ 1992 అక్టోబరు 2న ప్రత్యేక జిల్లా అయినది. అందుచే ఇక్కడి అంగళ్ళకు తెలుగువారు, ఒడియావారు, కొండజాతులవారు అందరును వత్తురు. ఒకరు పందుంపుల్ల అన్నదానినే మరియొకరు దాంతకాఠి అందురు. వేప, కానుగ, సాల వృక్షముల పుల్లలు ఈ ప్రాంతమున తరతరములుగా వాడుకలో నున్నవి. కొన నమిలి కుంచెవలె చేసి రుద్దినచో పంటిపాచి పోవును, లాలాజలము ఊరును. కాని మోటుగా రుద్దినచో చిగురు గాయపడును. దవడపండ్ల వెనుకకు పుల్ల చక్కగా అందదు.

జైనులకు ఇంకొక విచారము కలదు. అప్పుడే విరిచిన పచ్చిపుల్ల సచిత్తము. దినమునకొక కొమ్మ విరుచుట వనస్పతికాయ జీవులకు హింసయే. దిగంబర మునుల 28 మూలగుణములలో అదంతధావనము ఒకటి. అది సర్వసంగ పరిత్యాగియైన మునికి చెప్పిన నియమము. గృహస్థుడు నోటిని శుభ్రముగా నుంచుకొనవలసినదే. అయితే అవసరమునకు మించిన హింస లేకుండ చూచుకొనుట అతని ధర్మము.

2. బ్రష్షు

1780 ప్రాంతమున ఇంగ్లండులో విలియం ఆడిస్ అను నతడు ఎముకపిడికి జంతువుల వెండ్రుకలు గ్రుచ్చి బ్రష్షులు చేయించి అమ్మకమునకు తెచ్చెను. ఆనాటి బ్రష్షులకు పందివెండ్రుకలే ముఖ్యము. 1938లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీవారి నైలాను పోచలతో చేసిన బ్రష్షు వెలువడినది. అటుపిమ్మట క్రమముగా నైలానే వ్యాపించినది. నేడు అంగడిలో దొరకు బ్రష్షులలో అధికభాగము అట్టివే.

అయినను జాగ్రత్త విడువరాదు. "సహజమైన పోచలు" అని వ్రాసిన ఖరీదైన బ్రష్షులు కొన్ని నేటికిని పందివెండ్రుకలతోనే చేయబడుచున్నవి. వెదురుపిడి కలదని చూచి అంతయు నిర్దోషమనుకొనరాదు. పోచలు దేనివో చదువవలెను. సహజమన్న మాటయు అహింస యన్న మాటయు ఒకటి కావు.

శ్రావకునకు వర్జ్యములైన పదునైదు కర్మాదానములలో దంతవాణిజ్యము ఒకటి. దంతములే గాక వెండ్రుకలు, గోళ్ళు, ఎముకలు, తోళ్ళు కూడ అందు చేరునని 12వ శతాబ్దపు హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున వివరించిరి. పందివెండ్రుకల బ్రష్షు కొనువాడును, అమ్ముటకు తెప్పించువాడును ఈ మాటను తలచుకొనవలెను.

ఆరోగ్యదృష్టితో చూచినచో మెత్తని పోచలు, చిన్న తల గల బ్రష్షు మేలు. గట్టి పోచలు పండ్లను బాగుగా శుభ్రపరచుననుట భ్రమ. అవి చిగుళ్ళను అరగదీయును. మూడు మాసములకొకసారి, లేక పోచలు వంగిన వెంటనే, బ్రష్షు మార్చవలెను.

3. పేస్టు, పళ్ళపొడి

పేస్టులో సున్నపురాతిపొడి వంటి మెరుగు పెట్టు పదార్థము, తడి ఆరకుండ గ్లిసరిను వంటివి, నురుగు, వాసన, తీపి నిచ్చునవి ఉండును. జైనుడు తరచి చూడవలసినవి ముఖ్యముగా నాలుగు. గ్లిసరిను నూనెగింజలనుండి రావచ్చును, జంతువుల క్రొవ్వునుండియు రావచ్చును. కాల్షియం ఫాస్ఫేటు గనులలోని రాతినుండి రావచ్చును, ఎముకలనుండియు రావచ్చును. కొన్ని నాటుపొడులలో సముద్రఫేనము కలియును. పేరు వినుటకు నురుగువలె నున్నను అది ఒక సముద్రజీవి దేహములోని పెంకు. కొన్నింట తేనె కలుపుదురు. ఈ సంగతి పెట్టెమీది చిత్రమును చూచిన తెలియదు. వెనుక సన్నని అక్షరములతో నున్న జాబితా చదువవలెను. ఆకుపచ్చ చుక్క కొన్ని పెట్టెలపై కనబడును, కొన్నింటిపై కనబడదు. అనుమానము తీరనిచో తయారుచేసిన కంపెనీకి జాబు వ్రాసి అడుగుట కొనువాని హక్కు.

స్వదేశీ వస్తువుల చరిత్రలో 1916లో స్థాపింపబడిన కలకత్తా కెమికల్ కంపెనీ వేపపేస్టు ప్రసిద్ధమైనది. చెట్టుక్రింది పుల్లలోని గుణమును గొట్టములోనికి తెచ్చు ప్రయత్నమది. అయినను వేప, లవంగము అన్న పేరు ఒక్కటే చాలదు. పుప్పిపండ్లను అరికట్టుటకు ఫ్లోరైడు ఉపయోగపడునని వైద్యులు ఒప్పుకొనుచున్నారు. మన దేశపు నియమము ప్రకారము పేస్టులో ఫ్లోరైడు పదిలక్షల పాళ్ళలో 1000 పాళ్ళకు మించరాదు. నల్లగొండ ప్రాంతమువలె త్రాగునీటిలోనే ఫ్లోరైడు అధికముగా నున్నచోట వైద్యుని సలహా గైకొనవలెను. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్లలోపువారికి బఠాణీగింజంత పేస్టు చాలును. ఇక ఎఱ్ఱని పళ్ళపొడులలో కొన్నింట కావిరాయి కలియును. గరుకుపొడిని వ్రేలితో నిత్యము గట్టిగా రుద్దినచో పంటి పైపూత అరిగిపోయి చల్లనీటికి జివ్వుమనును.

4. గుడాకు

ఒడిశా సంతలలో పళ్ళు తోముకొను వస్తువుగా చలామణి యగుచు వచ్చినది గుడాకు. పొగాకు, బెల్లపుమడ్డి, సున్నము, ఎఱ్ఱమన్ను కలిపి దీనిని చేయుదురు. ఉదయమున వ్రేలితో చిగుళ్ళకు రాచుకొందురు. పంటినొప్పి తగ్గినదని వాడువారు తలంతురు. పొగాకు మత్తువలన నొప్పి మరుగుపడవచ్చునే గాని పుప్పిపన్ను బాగుపడదు. దినమునకొకసారి రాచినవారు నాలుగైదుసార్లు రాయుదురు. అది దంతధావనము గాదు, వ్యసనము. నోటి పుండ్లకు, క్యాన్సరుకు పొగాకు కారణము. గర్భిణీస్త్రీ వాడినచో కడుపులోని శిశువునకును కీడు.

పేస్టులలోను పళ్ళపొడులలోను పొగాకు కలుపుటను భారతప్రభుత్వము 1992లో నిషేధించినది. 1997లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును సమర్థించినది. చట్టము మాట యటుంచి ధర్మము మాట చూతము. తన బిడ్డల నోటికి తాకనీయని వస్తువును కొండదిగి వచ్చిన కూలిబిడ్డ నోటికి అందించుట వ్యాపారమా? విషవాణిజ్యము కూడ కర్మాదానములలో నున్నది. 1949లో ఆచార్య తులసి ప్రారంభించిన అణువ్రత ఉద్యమము వ్యసనరహిత జీవనమును, వ్యాపారమున ప్రామాణికతను కలిపియే బోధించినది. మనము అమ్మకున్న ప్రక్క అంగడివాడు అమ్మునన్న మాట నిజమే. కాని ప్రక్కవాని కర్మబంధము మన ఖాతాలో వ్రాయబడదు. మనది మాత్రము తప్పక వ్రాయబడును. ఆ కొద్ది లాభమును వదలుకొని అదే బల్లమీద చవుకైన నైలాను బ్రష్షును, చిన్న పేస్టు గొట్టమును ఉంచి, వాడు విధము రెండు మాటలలో చెప్పినచో వచ్చినవానికి మేలు, అంగడికిని మంచిపేరు.

5. వేళ, విధానము

దినమునకు రెండుసార్లు, రెండేసి నిమిషములు తోముకొనవలెను. నవకారసీ పచ్చక్ఖాణము గైకొన్నవారు సూర్యోదయమునకు 48 నిమిషముల పిమ్మట ఉదయపు దంతధావనము చేయుదురు. రాత్రివేళ లాలాజలము తగ్గును గనుక పండ్లకు చెరుపు ఎక్కువ. చౌవిహారము పాటించువారు సాయంభోజనానంతరము, సూర్యాస్తమయమునకు ముందే తోముకొని పచ్చక్ఖాణము గైకొన్నచో, మరునాటివరకు నోటిలో అన్నపుతునక నిలువదు. వ్రతము, వైద్యము ఇచ్చట ఒక్కటియే. కొళాయి తిప్పి వదలక, వడగట్టిన నీరు ఒక చెంబుతో పట్టుకొన్నచో అప్కాయ జీవుల హింసయు తగ్గును.

పాఠశాల బాలబాలికలకు ప్రశ్నలు

1. మునికి అదంతధావనము నియమమైనను గృహస్థుడు పండ్లు తోముకొనుట ఏల?
2. మీ ఇంటి పేస్టు పెట్టెపైని జాబితాలో గ్లిసరిను కలదా? అది దేనినుండి వచ్చినదో తెలిసికొనుట ఎట్లు?
3. దంతవాణిజ్యము, విషవాణిజ్యము అన్న మాటలను నేటి అంగడి వస్తువులకు అన్వయింపుము.
4. గుడాకు అడిగిన గిరాకీకి మీ నాన్నగారి అంగడిలో నీవు కూర్చున్నప్పుడు ఏమి చెప్పుదువు?