వంద రెట్లెందుకు, నలభై చాలు

ప్రశ్న: బడి పిల్లలకు సూర్యుణ్ని చూపాలని 40 మి.మీ. కటకం, 400 మి.మీ. నాభ్యంతరం ఉన్న హైడ్రోజన్-ఆల్ఫా టెలిస్కోప్ తెచ్చుకున్నాం. 4 మి.మీ. ఐపీస్ పెడితే బొమ్మ మసకబారి, ఉడుకుతున్నట్టు కదులుతోంది. ఏది కొనాలి?
– ఒక ఉపాధ్యాయుడు, రాయికల్

జవాబు: తప్పు టెలిస్కోప్‌ది కాదు మాస్టారూ. 400ని 4తో భాగిస్తే 100 రెట్లు. ఐపీస్ నుంచి వచ్చే కాంతిపుంజం 0.4 మి.మీ.కి సన్నబడుతుంది. అప్పుడు సూర్యుడికన్నా మీ కంట్లోని నలుసుల నీడలే ఎక్కువ ఈదుతాయి. 20 మి.మీ.తో పూర్తి బింబం చూపండి, 10 మి.మీ.తో, అంటే 40 రెట్లతో, అంచున లేచే ఎర్రటి మంట నాలుకలు, బింబం మీద నల్లటి తీగలు తేలతాయి. 8 మి.మీ. గాలి నిలకడగా ఉన్న పొద్దుటిపూటకే. ఒక్కటే కొనగలిగితే 8–24 జూమ్ తీసుకోండి.

ఇక్కడ చూసేది 656.3 నానోమీటర్ల ఎరుపు ఒక్కటే. రంగుల దోషం సరిదిద్దే ఖరీదైన గాజు దండగ, మామూలు ప్లోసల్ రకం ఐపీస్ చాలు. చిన్న ఐపీస్‌కు కన్ను బాగా దగ్గరగా ఆనించాలి కాబట్టి కళ్లద్దాల పిల్లలు అవి తీసి, ఫోకస్ మార్చుకోవాలి. పక్క వెలుతురు పడకుండా తల మీద నల్లగుడ్డ కప్పితే తేడా మీకే తెలుస్తుంది. డాబా మీద వద్దు, స్లాబు వేడికి బొమ్మ వణుకుతుంది. వరిమడి గట్టు మేలు.

ఐపీస్ ఫిల్టర్ కాదు. దాన్ని మామూలు టెలిస్కోప్‌కు తగిలించి సూర్యుడి వైపు తిప్పితే కన్ను పోతుంది.

అన్నట్టు, 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణంలో అంచున లేచే ఈ మంటల్ని వర్ణపటదర్శినితో చూసిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూశాడు. అదీ మన గుంటూరులోనే!