సూత్రధారుని చిక్కు

1974వ సంవత్సరమున అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెలువరించిరి. కొందరు బల్లచుట్టు కూర్చుండి, ఒకడు వీరుడుగను మరియొకడు మాంత్రికుడుగను మాటలతోనే సాహసములు సల్పుదురు. సందేహము కలిగినచోట పాచిక తీర్పు చెప్పును. వీరందరికిని ఆ లోకమును కల్పించి చూపువాడొకడు గలడు. అతనిని సూత్రధారుడందము.

అతని కష్టమెట్టిదో యోచింపుడు. వీరులు వంతెన దాటి రాజును దర్శింపవలెనని రాత్రులు మేలుకొని కథ వ్రాసికొని వచ్చును. తీరా ఆట మొదలైనంతనే ఒకడు, "వంతెన వలదు, పడవవాని నడుగుదము" అనును. వ్రాసినదంతయు నీటిపాలు! బలవంతముగ వంతెన దాటించినచో ఆటగానికిక మిగిలిన స్వేచ్ఛ యేమి?

గైగాక్స్ వ్రాసిన 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్' అను చిన్న పుస్తకమున దీనికి చక్కని ఉపాయము గలదు. అందు నడువవలసిన కథ లేదు, చోటు కలదు. సరిహద్దున నొక కోట, అందు సత్రమును అంగడియు. ఆవల నొక లోయ, దాని గోడలలో గుహలు, గుహకొక వికృతజాతి. ఆ జాతులకు తమలో తమకే పొత్తులును పగలును గలవు. వీరులు ఏ గుహ చొచ్చినను, ఎవరితో సంధి చేసికొన్నను సూత్రధారుడు తడబడడు. అచట నెవరున్నారో, వారికేమి కావలయునో చూచికొనిన చాలును. అలసినవారు మరల కోటకే చేరుదురు గనుక లోకమంతయు ముందుగా కల్పింపనక్కరలేదు.

కోటలోని వారికి మాత్రము గైగాక్స్ పేర్లు పెట్టలేదు. ఇది కొంచెము చిక్కే. ఆట నడుమ పేరు వెదకికొనుట సులభము కాదు. పది పేర్లు చీటిపై వ్రాసి దగ్గర నుంచుకొనుట మేలు.