ఓవెన్ వేడి ఎంత? ముట్టుకోకుండా కొలిచేటప్పుడు తెలుసుకోవలసినవి

భిలాయ్ ఉక్కు పట్టణంలో ‘ఓవెన్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి వంటింట్లో కేకులు, బిస్కెట్లు కాల్చుకునే ఓటీజీ. రెండోది కర్మాగారంలోని కోక్ ఓవెన్. బొగ్గును గాలి తగలకుండా 1000 డిగ్రీల సెల్సియస్ దాటేలా గంటల తరబడి వేడిచేసి, బ్లాస్ట్ ఫర్నేస్‌కు కావలసిన కోక్‌ను తయారుచేసేది అదే. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. అప్పటి నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అంత వేడిని దగ్గరకు వెళ్లకుండా కొలవడం ఇలాంటి కర్మాగారాల్లో రోజూ జరిగే పని.

ఇప్పుడు తుపాకీ ఆకారంలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఇళ్లలోకీ వచ్చింది. దాంతో ఓటీజీని పరీక్షించిన చాలామంది, ‘180 డిగ్రీలు పెడితే 100 కూడా చూపించడం లేదు, ఓవెన్ పాడైంది’ అనుకుంటారు. నాబ్‌ను ఇంకా పైకి తిప్పుతారు. కేకు పైన మాడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. ఇక్కడ తప్పు ఓవెన్‌ది కాకపోవచ్చు, కొలిచిన పద్ధతిది కావచ్చు.

ఈ పరికరం కొలిచేది ఏమిటి?

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. కంటికి కనిపించని ఈ కిరణాలను 1800లో విలియం హెర్షెల్ గుర్తించాడు. ఇంట్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ సాధారణంగా 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను అందుకుని, వాటి తీవ్రతను డిగ్రీల్లోకి మార్చి చూపిస్తుంది. అంటే అది ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు, తన దగ్గరకు చేరిన కిరణాలను బట్టి లెక్కకడుతుంది.

ఒకే వేడిలో ఉన్న రెండు వస్తువులు ఒకేలా కిరణాలను వెలువరించవు. ఈ సామర్థ్యాన్ని ఎమిసివిటీ (ఉద్గారత) అంటారు. దాని విలువ 0 నుంచి 1 వరకు ఉంటుంది. నూనె పట్టి నల్లబడిన ఇనుప పెనం, పింగాణీ, నీరు, కాగితం 0.9కి అటూఇటూగా ఉంటాయి. మెరిసే అల్యూమినియం రేకుకు అది 0.1 కన్నా తక్కువ. చవక థర్మామీటర్లు చాలావరకు ఎదురుగా ఉన్నదేదైనా 0.95 అనుకునే లెక్కకడతాయి.

ఒక లెక్క చూద్దాం. 0.3 ఎమిసివిటీ ఉన్న స్టీలు ట్రే 180 డిగ్రీల వేడిలో ఉంది. దాన్ని బయటకు తీసి, 30 డిగ్రీల గదిలో వెంటనే కొలిచాం. ట్రే తన వేడికి తగిన కిరణాల్లో మూడో వంతుకన్నా తక్కువే పంపుతుంది. మిగతాది చుట్టూ ఉన్న చల్లని గోడల ప్రతిబింబమే. అందుకే థర్మామీటర్ 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఎక్కడో చూపిస్తుంది. ట్రే ఇంకా 180లోనే ఉంది!

పెద్ద ఓవెన్ ఎందుకు సులువు?

విచిత్రమేమిటంటే, ఈ విషయంలో కోక్ ఓవెన్‌ను కొలవడమే తేలిక. కోక్ ఓవెన్ల గోడల మధ్య గ్యాసు మండే సన్నని దారులు ఉంటాయి. పైకప్పు మీద చిన్న మూత తీసి, ఆ రంధ్రంలోంచి లోపలికి పైరోమీటర్ గురిపెడతారు. అన్ని వైపులా వేడి గోడలున్న గుహలాంటి చోట, ఒక గోడ తక్కువగా వెలువరించిన లోటును అది ప్రతిబింబించే మిగతా గోడల కిరణాలు పూడుస్తాయి. చిన్న రంధ్రంలోంచి చూస్తే ఎమిసివిటీ దాదాపు 1కి చేరుతుంది. ఇలాంటి ఆదర్శ వస్తువుకే 1860లో గుస్తావ్ కిర్కాఫ్ కృష్ణ వస్తువు అని పేరు పెట్టాడు.

ఇంటి ఓవెన్ కూడా తలుపు మూసి ఉన్నంతసేపు అలాంటి గుహే. కానీ లోపలికి చూసే దారి లేదు. తలుపు అద్దం మనకు పారదర్శకమే గాని, 8–14 మైక్రోమీటర్ల కిరణాలను అడ్డుకుంటుంది. అద్దంలోంచి గురిపెడితే తెలిసేది అద్దం వేడి మాత్రమే. పోనీ తలుపు తెరిస్తే గుహ గుహగా ఉండదు, వేడిగాలి క్షణాల్లో బయటికి పోతుంది. పైగా ఈ పరికరం గాలి ఉష్ణోగ్రతను అసలు కొలవలేదు.

సరిగ్గా ఇలా పరీక్షించండి

1. ముందు థర్మామీటర్‌ను పరీక్షించండి. గిన్నె నిండా పొడిచేసిన ఐసు వేసి, కొద్దిగా నీళ్లు పోసి కలిపి, దగ్గర నుంచి నేరుగా పైనుంచి కొలవండి. 0కి దగ్గరగా చూపాలి. మరిగే నీటి మీద ఈ పరీక్ష వద్దు, ఆవిరి లెన్సు మీద చేరి లెక్క తప్పిస్తుంది.

2. బాగా వాడిన, నల్లటి మందపాటి ఇనుప పెనాన్ని మధ్య అరలో పెట్టండి. పిడి ప్లాస్టిక్‌దీ చెక్కదీ కాకూడదు. పై రాడ్, కింది రాడ్ రెండూ వేసి, 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు వేడెక్కనివ్వండి.

3. తలుపు తెరిచి రెండు మూడు సెకన్లలో పెనం మధ్యలో కొలిచి మూసేయండి. గాలి చల్లారినా మందపాటి ఇనుము అంత త్వరగా చల్లారదు.

4. దూరం ముఖ్యం. పరికరం మీద 12:1 అని ఉంటే, 60 సెంటీమీటర్ల దూరం నుంచి అది 5 సెంటీమీటర్ల వెడల్పు వలయాన్ని కొలుస్తుంది. ఎర్రటి లేజర్ చుక్క గురి కోసమే, కొలిచేది అది కాదు. దాన్ని కళ్ల మీద గాని, మెరిసే లోహం మీద గాని వేయకండి.

5. థర్మోస్టాట్ రాడ్లను ఆపుతూ, వెలిగిస్తూ ఉంటుంది. అందువల్ల వేడి ఎప్పుడూ పైకీ కిందికీ ఊగుతుంది. పది నిమిషాలకోసారి చొప్పున ఐదుసార్లు కొలిచి సగటు తీయండి. 150, 200 డిగ్రీల దగ్గర కూడా ఇలాగే చేయండి. తేడా అన్నిచోట్లా ఒకేలా ఉండకపోవచ్చు.

చాలా పరికరాల కచ్చితత్వం ±2 శాతం ఉంటుంది. అంటే 180 దగ్గర దాదాపు 4 డిగ్రీలు. కాబట్టి ఐదు డిగ్రీల తేడా చూసి కంగారు పడనక్కరలేదు. సగటు ప్రతిసారీ 20 డిగ్రీలు తక్కువ వస్తుంటే, నాబ్‌ను అంతమేర పైకి పెట్టుకోవచ్చు. రాడ్ల వేడి నేరుగా తగలడం వల్ల పెనం వేడి, గాలి వేడి ఒకటే కాకపోవచ్చు. సందేహముంటే లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్‌తో సరిచూసుకోండి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ మాత్రం దీనికి పనికిరాదు. అది మనిషి ఒంటి వేడికి దగ్గరి ఉష్ణోగ్రతల కోసమే తయారైంది.

ఉక్కు కర్మాగారంలోనూ పైరోమీటర్ ఒక్కదాన్నే నమ్ముకోరు. దాదాపు 1600 డిగ్రీల్లో ఉండే కరిగిన ఉక్కులో థర్మోకపుల్‌ను ముంచి చూస్తారు. ముట్టుకోకుండా కొలిచే పరికరం తెర మీద అంకె కనిపించగానే మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ కిరణాలు దేని నుంచి వచ్చాయి? ట్రే నుంచా, అద్దం నుంచా, ఎదురు గోడ నుంచా? దానికి జవాబు తెలిశాకే నాబ్ మీద చెయ్యి వేయాలి.